అతుకు తెలియని పాట: నాలుగేళ్ళ క్లిప్ ప్లస్ వాడకం

శాన్‌డిస్క్ సాన్సా క్లిప్ ప్లస్ అనే ఈ చిన్న పాటల ప్లేయర్ తెర ఎంత, బరువెంత, ఎన్ని పాటలు పడతాయి అనేవి ఎక్కడ వెతికినా దొరుకుతాయి. నేను రాసేది ఒక్క సంగతి గురించే. ఒక ట్రాక్ అయిపోయి ఇంకో ట్రాక్ మొదలయ్యే చోట ఇది ఇసుమంత కూడా ఆగదు. దీన్నే గ్యాప్‌లెస్ అంటారు. సినిమా పాటలు వినేవాళ్ళకి దీనితో పనే పడదు. కచేరీలు వినేవాళ్ళకి, అందులోనూ వింటూ చేత్తో తాళం వేసుకునే అలవాటున్నవాళ్ళకి, ప్లేయర్ కొనేముందు చూడాల్సిన మొట్టమొదటి విషయం ఇదేనని నా గట్టి నమ్మకం. ఆరు నెలల సాధన పాడుచేసుకున్నాక కుదిరిన నమ్మకం ఇది.

నలభై దాటాక నేను మృదంగం మొదలుపెట్టాను. ఉండేది తెనాలి, ఉద్యోగం బెజవాడలో, అంతా సీజన్ టికెట్టు బతుకు. పొద్దున ప్యాసింజర్‌లో ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట. ఇంట్లో సాధనకి దొరికేది అరగంటే కాబట్టి వినడమంతా రైల్లోనే. గురువుగారు మొదట్లోనే చెప్పారు: "చేతికన్నా ముందు చెవి నేర్చుకోవాలి నాయనా. వంద కచేరీలు ఒక్కోసారి వినకు, ఒకే కచేరీ వందసార్లు విను." నాన్నగారు కొన్న సీడీలు ఓ అరవై దాకా ఇంట్లో ఉన్నాయి. వాటిలోంచి ఒక కచేరీ తీసుకున్నాను. ప్రధాన కీర్తన ఆది తాళం, దాని వెనకే తని ఆవర్తనం, అంటే పాట ఆగి తాళవాద్యం ఒంటరిగా మోగే భాగం. ఎంపీ3లు చేసి, అప్పట్లో నా దగ్గరున్న ఓ చవక ప్లేయర్‌లో వేసుకుని రోజూ వినేవాణ్ణి. ఆ ప్లేయర్ ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం.

కచేరీ సీడీల్లో చాలావాటిలో కీర్తన ఒక ట్రాక్‌గా, తని ఇంకో ట్రాక్‌గా ఉంటాయి. తని అక్కర్లేదనుకున్నవాళ్ళు దాటేసి వెళ్ళడానికి ఆ ఏర్పాటు వీలుగా ఉంటుంది. మృదంగం నేర్చుకునేవాడిగా నాకది మనసుకు కష్టమే, కానీ అది వేరే సంగతి. సీడీ మీద మాత్రం ఆ రెండు ట్రాకుల మధ్యా శబ్దం తెగదు. గాయకుడు ఎత్తుగడ దగ్గర, అంటే తాళంలో పల్లవి అందుకునే చోట, వదిలీ వదలగానే మృదంగం అందుకుంటుంది. ఆవర్తనం, అంటే తాళం చుట్టు, తిరుగుతూనే ఉంటుంది. సీడీ ప్లేయర్ మీది అంకె చూస్తే తప్ప ట్రాక్ మారిందని తెలియదు.

నా చవక ప్లేయర్‌లో సరిగ్గా అక్కడ ఓ అర సెకను నిశ్శబ్దం వచ్చేది. మొదటి వారం చిరాకు పడ్డాను. తర్వాత చెవి సర్దుకుపోయింది. అసలు నష్టం ఆ సర్దుకుపోవడంలోనే జరిగింది.

ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం, గురువుగారి దగ్గర గాత్రం నేర్చుకునే అమ్మాయి పాడుతుంటే నన్ను వాయించమన్నారు. కీర్తన వరకూ బాగానే నడిచింది. చివర్లో ఆ అమ్మాయి ఎత్తుగడ దగ్గర వదిలింది. నేను అందుకున్నాను. తొడ మీద తాళం వేస్తున్న గురువుగారి చెయ్యి ఆగిపోయింది. "మళ్ళీ" అన్నారు. మళ్ళీ వాయించాను. మళ్ళీ ఆపేశారు. మూడోసారి ఆయన కోప్పడలేదు, వింతగా చూశారు. "పాట వదిలాక ఓ చిన్న ఊపిరి తీసుకుంటున్నావు. మూడుసార్లూ ఒకటే కొలత. తాళం జ్ఞానం లేనివాడైతే మూడుసార్లు మూడు రకాలుగా తప్పుతాడు. నువ్వు దీన్ని ఎక్కడో నేర్చుకున్నావు. ఎవరి దగ్గర?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వస్తూ దారిలో ప్లేయర్ పెట్టుకుని, ఆ చోటు వచ్చేసరికి ఒళ్ళు జలదరించింది. నేను తీసుకుంటున్న ఊపిరి సరిగ్గా అదే. ఆ ప్లేయర్ మధ్యలో చేర్చిన అర సెకను నా చేతిలోకి వచ్చి కూర్చుంది.

అర సెకను అంటే ఎంత అనిపించవచ్చు. ఆ కచేరీలో అక్షరానికి, అంటే తాళంలో ఒక్కో లెక్కకి, ఇంచుమించు ఒక సెకను నడక. చతురశ్ర గతిలో అక్షరానికి నాలుగు మాత్రలు, అంటే మాత్రకి పావు సెకను. అర సెకను ఆగితే రెండు మాత్రలు వెనకబడ్డట్టే. తనిలో ముగింపుకి దారితీసే మోహర వాయించి, ముగింపు జతి అయిన ముక్తాయింపు మూడుసార్లు వేసి, సరిగ్గా ఎత్తుగడ మీద దిగడానికి ఒక్కో మాత్రా లెక్కపెట్టుకునే విద్య ఇది. అందులో రెండు మాత్రలు వెనకబడితే లెక్కంతా ఎటో పోతుంది. ఆ అలవాటు చేతిలోంచి దిగడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఆ ఖాళీ ఎందుకు వస్తుందో తర్వాత తెలుసుకున్నాను. ఎంపీ3 శబ్దాన్ని 1152 శాంపిళ్ళ (శబ్దాన్ని కొలిచిన అంకెల) ముక్కలుగా కోసి నింపుతుంది. సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్ళు కాబట్టి ఒక్కో ముక్క 26 మిల్లీసెకన్లు. పాట చివర ముక్క నిండకపోతే మిగిలిన చోట నిశ్శబ్దం పోస్తుంది. మొదట్లోనూ కొంత నిశ్శబ్దం చేరుతుంది. ఇదంతా కలిపినా సెకనులో కొద్ది వంతే. దాని మీద, ప్లేయర్ ఒక ఫైలు మూసి ఇంకో ఫైలు తెరవడానికి తీసుకునే సమయం చేరితే అర సెకను అవుతుంది. ఎంపీ3లు తయారుచేసే లేమ్ అనే ప్రోగ్రాము, మొదట్లో ఇన్ని శాంపిళ్ళు, చివర్లో ఇన్ని శాంపిళ్ళు తీసెయ్యి అని ఫైలు తలలోనే రాసి పెడుతుంది. ఆ రాతని చదివి పాటించే ప్లేయర్ కావాలి, వచ్చే ఫైలుని ముందే తెరిచి పెట్టుకునే ప్లేయర్ కావాలి. శబ్దం ఏమీ పోగొట్టకుండా దాచే ఫ్లాక్ రకం ఫైళ్ళలో ఈ నిశ్శబ్దం పోయడమనేదే లేదు, కానీ ప్లేయర్ తీరిగ్గా తెరిచేదైతే వాటితోనూ ఖాళీ తప్పదు.

నాలుగేళ్ళ కిందట సంక్రాంతికి డాలస్ నుంచి మా మేనల్లుడు వచ్చాడు. నా గోడు విని, తన పెట్టెలో అడుగున పడి ఉన్న శాన్‌డిస్క్ సాన్సా క్లిప్ ప్లస్ తీసి ఇచ్చాడు. 2009లో వచ్చిన మోడల్, ఇంచుమించు అగ్గిపెట్టెంత ఉంటుంది. వాడు కాలేజీ రోజుల్లోనే అందులో రాక్‌బాక్స్ ఎక్కించుకున్నాడట. రాక్‌బాక్స్ అంటే ప్లేయర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. 2001లో స్వీడన్‌లో కొందరు ప్రోగ్రామర్లు తమ ఆర్కోస్ ప్లేయర్ కోసం మొదలుపెట్టారు. తర్వాత ఎన్నో మోడళ్ళకి పాకింది. "మావయ్యా, ఇది వాడి చూడు, పాటకీ పాటకీ మధ్య అతుకు తెలీదు. నువ్వేం చేయక్కర్లేదు, ఫైళ్ళు వేసుకోవడమే" అన్నాడు.

పండగ సెలవులయ్యాక మొదటి రోజు రైల్లో విన్నాను. దుగ్గిరాల దాటేసరికి కీర్తన స్వరకల్పనలో ఉంది. కృష్ణా కెనాల్ దగ్గర రైలు ఎప్పటిలాగే సిగ్నల్ కోసం ఆగింది. చక్రాల చప్పుడు కూడా లేదు. ఎడం చేతిలో ప్లేయర్ పట్టుకుని, కుడిచేత్తో మోకాలి మీద తాళం వేస్తున్నాను: దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసర్జితం (చెయ్యి తిప్పడం), దెబ్బ, విసర్జితం. తెర ఆరిపోతుంటే బొటనవేలితో బటన్ నొక్కి వెలిగిస్తూ ఉన్నాను. పైన పసుపు పట్టీ, కింద నీలం అక్షరాలు. గాయకుడు వదిలాడు. నా ఊపిరి అలవాటుగా బిగుసుకుంది. అప్పటికే మృదంగం మోగుతోంది. తెర మీద అంకె మారింది, వేలు మాత్రం ఎక్కడా తడబడలేదు. ఆ తర్వాతి దెబ్బ మోకాలి మీద పడ్డప్పుడే మృదంగం సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద పడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. రైలు కృష్ణ మీది బ్రిడ్జి దాటి బెజవాడ ప్లాట్‌ఫారం మీదికి వచ్చేదాకా ఆ ఒక్క చోటే వింటూ ఉన్నాను.

నాన్నగారి సీడీల్లో ఆ కచేరీ ఎలా ఉందో అలాగే వినడం నాకు అదే మొదటిసారి. ఇంట్లో సీడీ ప్లేయర్ పాడై అప్పటికే చాలా ఏళ్ళయింది.

మేనల్లుడు అన్నట్టు ఏం చేయక్కర్లేదన్నది మాత్రం పూర్తిగా నిజం కాదు. వారం తర్వాత ఇంకో కచేరీ వింటుంటే ఆలాపనకీ కీర్తనకీ మధ్య చిన్న టిక్కు వినిపించింది. అవి ఎప్పుడో పాత ప్రోగ్రాముతో చేసిన ఎంపీ3లు, శాంపిళ్ళ లెక్క వాటిలో రాసి లేదు. లెక్క రాయని ఫైలుని ఏ ప్లేయరైనా ఏం చేయగలదు? ఆఫీసులో ఒకాయన దగ్గర బయట తగిలించే డీవీడీ డ్రైవు అడిగి తెచ్చుకుని, రెండు వారాలపాటు రాత్రిళ్ళు కూర్చుని అరవై సీడీలూ మళ్ళీ ఫ్లాక్‌లోకి ఎక్కించాను. సీడీకి ఇంచుమించు 300 ఎంబీ చొప్పున మొత్తం 18 జీబీ అయింది, 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డులో హాయిగా పట్టింది. సీడీలు లేనివాళ్ళు, ఎక్కడెక్కడివో ఫైళ్ళు పోగేసుకున్నవాళ్ళు ఇంత సుఖం ఆశించకూడదు. 64 జీబీ కార్డు కూడా కొన్నాను. అది ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ళ అమరికతో వస్తుంది, దీనికి అది చదవడం రాదు. కంప్యూటర్లో ఫ్యాట్32 అనే పాత అమరికకి మార్చాక పనిచేసింది.

అనుకోకుండా దొరికిన ఇంకో సదుపాయం శ్రుతి మార్చుకోవడం. నా మృదంగం ఒకటిన్నర శ్రుతిది. కచేరీ ఒకటి శ్రుతిలో ఉంటే పక్కన వాయించడం చెవికి ఇబ్బంది. ఇందులో పాటని అర మెట్టు పైకి జరపొచ్చు. మామూలుగా అలా జరిపితే నడక కూడా ఆరు శాతం దాకా పెరుగుతుంది. నడక మారకుండా శ్రుతి ఒక్కటే మార్చే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంది. మొదట్లో దీన్ని తెగ మెచ్చుకుని మా క్లాసులో అందరికీ చెప్పాను. నాలుగేళ్ళు విన్నాక ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. నడక కట్టేసి శ్రుతి మారిస్తే మృదంగం దెబ్బ అంచు కాస్త మొద్దుబారుతుంది, గుంకీ, అంటే ఎడమ వైపు మోగే జారుడు నాదం, మెత్తబడుతుంది. సాధనకి పనికొస్తుంది, నాదం వినడానికి పనికిరాదు.

ఇక ఇబ్బందులు. తెలుగులో పేర్లు పెడితే తెర మీద సరిగా కనపడవు, నేను ఫోల్డర్లన్నిటికీ ఇంగ్లీషు అక్షరాల్లోనే పేర్లు పెట్టుకున్నాను. ఛార్జింగుకి పాతకాలం మినీ యూఎస్‌బీ తీగ కావాలి, నా దగ్గరున్న ఒక్కదాన్ని ప్రాణంలా చూసుకుంటున్నాను. వెనకున్న క్లిప్పు బెజవాడ స్టేషన్‌లో దిగే తోపులాటలో తలుపుకి తగిలి విరిగిపోయింది. మా ఆవిడ రవికె గుడ్డ ముక్కతో చిన్న సంచి కుట్టి, బటన్లు అందేలా ముందు గుండ్రంగా కత్తిరించి, చుట్టూ కాజా కుట్టు వేసి ఇచ్చింది. ఇప్పుడు చొక్కా జేబులో అందులోనే ఉంటుంది. తెర చూడకుండా వేలితోనే ఆపడం, వెనక్కి తిప్పడం వచ్చేసింది. రైలు కుదుపుల్లో ఫోన్ తెర మీద వేలితో అదే చోటు పట్టుకోవడం నావల్ల కాలేదు.

బ్యాటరీ నాకున్న నిజమైన బెంగ. కొత్తలో పదిహేను గంటలని చెప్పిన వస్తువు. నా చేతికి వచ్చేటప్పటికే పాతది, అప్పుడు వారానికోసారి ఛార్జింగ్ పెడితే సరిపోయేది. ఇప్పుడు మూడు రోజులకోసారి పెట్టాల్సి వస్తోంది. బ్యాటరీ లోపల టంకం పెట్టి ఉంటుంది. విప్పించడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

మరి ఇది కొనమంటానా? కొత్తది దొరకదు, తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఫోన్లలోనూ గ్యాప్‌లెస్‌గా మోగించే యాప్‌లు ఇప్పుడున్నాయి. మా క్లాసులో కుర్రాళ్ళు వాటితోనే వింటున్నారు, వాళ్ళకి బాగానే ఉంది. నాలాగా సొంత సీడీలుండి, రోజూ రైల్లో గంటన్నర గడిపి, మధ్యలో ఆఫీసు ఫోన్లు వచ్చి ఆవర్తనం తెగడం భరించలేనివాళ్ళకైతే విడిగా ఒక ప్లేయర్ ఉండటం మంచిదే. అది ఏ మోడలైనా, పెట్టె మీది మాట నమ్మకండి. తని ఉన్న కచేరీలో కీర్తన ట్రాక్, తని ట్రాక్ రెండూ కార్డులో వేసుకుని షాపుకి తీసుకెళ్ళండి. కీర్తన చివరి రెండు ఆవర్తనాల నుంచి పెట్టి, కళ్ళు మూసుకుని తాళం వేయండి. ట్రాక్ మారాక సమం మీ చేతి కిందే పడిందా లేదా చూసుకోండి. ఎంపీ3తో ఒకసారి, ఫ్లాక్‌తో ఒకసారి చూడండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తగిలించకుండా వైరుతోనే వినండి.

నాది ఎప్పుడు మూలపడుతుందో తెలియదు కనక, వచ్చే సంక్రాంతికి వస్తూ అక్కడ ఎవరైనా వాడినది అమ్ముతుంటే ఇంకో క్లిప్ ప్లస్ పట్టుకురమ్మని మేనల్లుడికి చెప్పాను. కార్డు స్లాటు చదువుతోందో లేదో, బ్యాటరీ కనీసం ఆరేడు గంటలు ఆగుతోందో లేదో చూసి తీసుకో అన్నాను. తీగ కూడా అడిగి తీసుకోమన్నాను.