సూర్యమిత్ర కోర్సు: సర్టిఫికెట్ కంటే ముందు సెంటర్ ల్యాబ్ చూడండి

సోలార్ పార్కుల చుట్టుపక్కల ఊళ్లలో ఐటీఐ పాసైన కుర్రాళ్లు తరచూ వినే మాట: సూర్యమిత్ర (సోలార్ టెక్నీషియన్ శిక్షణ కోర్సు) చేస్తే పార్కులో ఉద్యోగం ఖాయం. కోర్సు చేయమనడం మంచి సలహానే. పార్కులో ఉద్యోగం ఖాయం అన్నదగ్గరే లెక్క తప్పుతుంది.

ముందు కోర్సు సంగతి. కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన శాఖ దీన్ని 2015లో మొదలుపెట్టింది. 2019-20 నాటికి 50,000 మందికి శిక్షణ ఇవ్వాలన్నది అప్పటి లక్ష్యం. నడిపించేది గురుగ్రామ్ దగ్గరున్న జాతీయ సౌరశక్తి సంస్థ. రాష్ట్రాల్లో ఆ బాధ్యత నోడల్ ఏజెన్సీలది: ఆంధ్రలో నెడ్‌క్యాప్, తెలంగాణలో రెడ్కో. 600 గంటలు, అంటే దాదాపు మూడు నెలలు. బ్యాచ్‌కు 30 మంది. ఫీజు లేదు, హాస్టలు, భోజనం ఉచితం. సీటు బుకింగ్ అనో, సర్టిఫికెట్ చార్జీ అనో ఎవరైనా డబ్బులడిగితే అది సూర్యమిత్ర పేరు వాడుకుంటున్న వేరే దుకాణం అనుకోండి.

అర్హత: 18 ఏళ్లు నిండి, పదో తరగతితో పాటు ఎలక్ట్రీషియన్, వైర్‌మ్యాన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్, ఫిట్టర్, షీట్ మెటల్ లాంటి ట్రేడ్‌లో ఐటీఐ ఉండాలి. డిప్లొమావాళ్లు కూడా చేరొచ్చు, బీటెక్ వాళ్లను తీసుకోరు. ఈ నియమం మాకు నచ్చింది. లేకపోతే ఉద్యోగం దొరకని ఇంజనీర్లతోనే సీట్లన్నీ నిండిపోయేవి. చివర్లో పరీక్ష పెట్టేది సెంటర్ కాదు, స్కిల్ కౌన్సిల్ ఫర్ గ్రీన్ జాబ్స్ పంపే బయటి పరీక్షకులు. ఇదీ మంచిదే.

ఇక పార్కు ఉద్యోగం. అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది, దాదాపు 6,000 ఎకరాలు. అంత పార్కు కట్టేటప్పుడు పని గుట్టలుగా ఉంటుంది: పైల్స్ దించడం, స్ట్రక్చర్ బిగించడం, ప్యానెళ్లు ఎక్కించడం, కేబుల్ కందకాలు తవ్వడం. ఆ పని నెలల్లో ముగుస్తుంది. ఆ తర్వాత పాతికేళ్లూ కావలసింది షిఫ్టుకు కొద్దిమంది టెక్నీషియన్లు, ప్యానెళ్లు కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, వాచ్‌మెన్. ప్లాంటులో తిరిగే యంత్రం లేదు, అరిగే బేరింగ్ లేదు. ఏ స్ట్రింగ్‌లో (గొలుసులా కలిపిన ప్యానెళ్ల వరుసలో) కరెంటు తగ్గిందో కంట్రోల్ రూమ్‌లో తెర మీదే కనపడుతుంది. కాబట్టి ఎకరాలు పెరిగినంతగా ఉద్యోగాలు పెరగవు. కడగడం, గడ్డి కోయడం, కాపలా కాంట్రాక్టర్ చేతిలో ఉండే పనులు. వాటికి సర్టిఫికెట్ ఎవరూ అడగరు, ఉన్నా జీతం పెరగదు.

భూమి ఇచ్చిన రైతుకు కౌలైనా వస్తుంది. కర్ణాటకలోని పావగడలో భూమి కొనకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అని రాసుకున్నారు. ఆ పొలాల్లో కూలికెళ్లినవాళ్లకు, అక్కడ గొర్రెలు మేపుకున్నవాళ్లకు ఆ ఒప్పందంలో చోటు లేదు. శిక్షణ ఎవరికి ముందు అందాలంటే వీళ్ల ఇళ్లలోని పిల్లలకే. పదో తరగతి, ఐటీఐ అనే గడప దాటలేనిది కూడా ఎక్కువగా వీళ్లే.

కంపెనీల సామాజిక బాధ్యత నిధితో పార్కుల పక్కన జరిగే శిక్షణల గురించి కూడా ఒక మాట. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సోలార్ ప్రాజెక్టును మామూలుగా దానికోసమే పెట్టిన విడి కంపెనీ పేరుతో కడతారు. మొదటి ఏళ్లలో అప్పు వడ్డీ, తరుగుదల పోగా పుస్తకాల్లో లాభం పెద్దగా కనపడదు. అందుకే ఊరికి డబ్బు బాగా కావలసిన తొలి ఏళ్లలోనే ఈ పద్దు సన్నగా ఉంటుంది. దక్షిణాఫ్రికా 2011లో మొదలుపెట్టిన వేలం విధానంలో దీన్ని వేరుగా కట్టారు: లాభంలో కాదు, ఆదాయంలోనే కనీసం 1 శాతం స్థానిక అభివృద్ధికి ఇవ్వాలి, ప్రాజెక్టులో కనీసం 2.5 శాతం వాటా చుట్టుపక్కల జనానికి ఉండాలి. కరెంటు అమ్మిన మొదటి ఏడాది నుంచే డబ్బు కదులుతుంది. మన దగ్గర పార్కు పక్క ఊళ్లో ఒక ఆర్వో ప్లాంటు, బడికి బెంచీలు, పది కుట్టుమిషన్లు కనపడితే దాని వెనక లెక్క ఇదే. కుట్టుమిషన్లు ఇచ్చే బదులు ప్యానెళ్లు కడిగే కాంట్రాక్టును ఊరి డ్వాక్రా సంఘానికి ఇచ్చి, మీటరు వాడటం నేర్పిస్తే అది పాతికేళ్ల పని.

పార్కును పక్కన పెట్టి చూస్తే కోర్సుకు అసలు గిరాకీ ఇళ్ల కప్పుల మీద ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల మీద ప్యానెళ్లు పెట్టాలని లక్ష్యం పెట్టుకుంది. 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, మూడు, ఆపైన మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ. బిగించిన వెండరే ఐదేళ్లు మెయింటెనెన్స్ చూడాలి. సబ్సిడీ కంటే ఈ నియమమే మనకు ముఖ్యం, నిలకడైన పని దీనివల్లే పుడుతుంది. సూర్యమిత్ర సిలబస్ కూడా ఈ పనికి బాగా సరిపోతుంది.

సిలబస్ అన్నిచోట్లా ఒకటే, సెంటర్లు ఒకటి కాదు. చేరే ముందు ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి. గోడమీద పోస్టర్లు, బల్లమీద ఒక చిన్న ప్యానెల్, ఒక బల్బు ఉంటే తిరిగి రండి. కప్పు మీద గ్రిడ్‌కు కలిపిన కనీసం 2, 3 కిలోవాట్ల సిస్టమ్ పనిచేస్తూ ఉండాలి. 30 మందికి డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్లు ఐదారైనా ఉండాలి (ఏసీ మాత్రమే కొలిచేవి ఇక్కడ దండగ). ఇన్సులేషన్ కొలిచే 500, 1000 వోల్టుల మెగ్గర్, ఎర్త్ టెస్టర్, ప్యానెళ్ల కేబుళ్లు కలిపే ఎంసీ4 కనెక్టర్ల పిన్ నొక్కే క్రింపింగ్ టూల్, నడుముకు కాదు, ఒళ్లంతటికీ తగిలించే సేఫ్టీ హార్నెస్ కనపడాలి. క్రింపింగ్ టూల్ కొత్తగా మెరుస్తుంటే ఎవరూ వాడలేదని అర్థం.

ఫ్యాకల్టీని ఒక లెక్క అడగండి. 540 వాట్ల ప్యానెల్ స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (దేనికీ కలపనప్పుడు ఉండే వోల్టేజి) 49.5, టెంపరేచర్ కోఎఫిషెంట్ డిగ్రీకి మైనస్ 0.27 శాతం అని ఉంది. ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ గరిష్ఠంగా 600 వోల్టులు తట్టుకుంటుంది. స్ట్రింగ్‌కు ఎన్ని ప్యానెళ్లు పెట్టొచ్చు? పన్నెండును 49.5తో హెచ్చించి, 594 వచ్చింది కాబట్టి పన్నెండు సరిపోతుందంటే ఆ సెంటర్ వదిలేయండి. స్టిక్కర్ మీది అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది, చల్లబడేకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. ఆదిలాబాద్‌లో జనవరి పొద్దున 10 డిగ్రీలకు దిగితే 15 డిగ్రీల తేడాకు 4 శాతం పెరిగి ప్యానెల్‌కు 51.5 అవుతుంది. పన్నెండింటికి 618. ఆ పొద్దునే ఇన్వర్టర్ ఇన్‌పుట్ కాలిపోవచ్చు. పరిమితి దాటించారు కాబట్టి వారంటీ కూడా ఇవ్వరు. జవాబు 11.

ఎంసీ4 కనెక్టర్ దగ్గర పడే తప్పులు ఇంతకంటే ఎక్కువ. 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ తోలు 7, 8 మిల్లీమీటర్లు తీసి, పిన్‌లో పెట్టి, సరైన డైలో నొక్కాలి. పిన్‌కున్న చిన్న కంతలోంచి రాగి తీగ కనపడాలి. హౌసింగ్‌లోకి తోస్తే టక్కుమనాలి. వెనక నట్టు స్పానర్‌తో బిగించాలి, చేత్తో తిప్పితే సరిపోదు. కటింగ్ ప్లేయరుతో నొక్కినా ఆ రోజు పనిచేస్తుంది. ఒకటి రెండు ఎండాకాలాలు గడిచాక అక్కడ రెసిస్టెన్స్ పెరిగి, ప్లాస్టిక్ కరిగి, ఆర్క్ (సందులో దూకే కరెంటు మంట) పుడుతుంది. ఏసీ ఆర్క్ సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి ఆరే వీలుంది. డీసీ ఆర్క్‌కు ఆ సున్నా లేదు. అందుకే లోడ్ మీద ఉన్న ఎంసీ4ను ఎప్పుడూ లాగకూడదు. ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్) ఆపి, ఆపైన క్లాంప్ మీటరులో సున్నా చూసుకున్నాకే కనెక్టర్ మీద చెయ్యి వేయాలి. ఒక కంపెనీ మగ కనెక్టరుకు ఇంకో కంపెనీ ఆడ కనెక్టరు తగిలించడం కూడా ఇదే రకం తప్పు. పట్టినట్టే ఉంటుంది, లోపల పట్టదు.

ఎర్తింగ్ మూడు విడివిడి గుంతలు: డీసీ వైపు, ఏసీ వైపు, పిడుగు కడ్డీకి. 5 ఓమ్‌ల లోపు రావాలి. రాయలసీమ రాతినేలలో ఒక కడ్డీతో ఈ అంకె రాకపోతే రెండో కడ్డీ దించి కలపాలి. ప్యానెల్ అల్యూమినియం ఫ్రేము మీదున్న ఆనోడైజింగ్ పూత కరెంటును పోనివ్వదు, పళ్లున్న వాషరుతో దాన్ని గీరాల్సిందే. మామూలు వాషర్ పెట్టి ఎర్తింగ్ అయిందనుకోవడం చాలా కప్పుల మీద కనపడుతుంది.

మంచి సెంటర్లో నేర్పే ఒక కిటుకు ఇక్కడ చెప్పాలి. వానాకాలం పొద్దున ఇన్వర్టర్ ఐసోలేషన్ ఫాల్ట్ (కరెంటు ఎర్త్‌లోకి కారుతోందన్న హెచ్చరిక) చూపించి, పదింటికి ఎండెక్కాక దానంతటదే సర్దుకుంటోందంటే ఎక్కడో తడి చేరింది: కొరికిన కేబులో, నీళ్లు పోయిన కనెక్టరో. తడి ఆరకముందే వెళ్లి, ఐసోలేటర్ ఆపి, ఒక్కో స్ట్రింగ్ విడదీసి ప్లస్ నుంచి ఎర్త్‌కు, మైనస్ నుంచి ఎర్త్‌కు వోల్టేజి కొలవాలి. పది ప్యానెళ్ల స్ట్రింగ్ మొత్తం 500 వోల్టులు ఉండి, ప్లస్ వైపు 300, మైనస్ వైపు 200 నిలకడగా వస్తే, ప్యానెల్‌కు 50 చొప్పున లెక్క వేయండి: ప్లస్ నుంచి ఆరో ప్యానెల్‌కు, ఏడో ప్యానెల్‌కు మధ్య ఉంది లోపం. మొత్తం కప్పు విప్పే పని తప్పింది. బాగుచేశాక మెగ్గర్ మీద కనీసం 1 మెగా ఓమ్ రావాలి. మధ్యాహ్నం వెళ్తే మాత్రం ఏమీ దొరకదు, కస్టమర్ దృష్టిలో మీకు పని రానట్టే.

కోర్సులో పలచగా ఉన్నవి రెండు. మొదటిది గాలి. విశాఖ, విజయవాడ, నెల్లూరులకు డిజైన్ గాలివేగం సెకనుకు 50 మీటర్లు, కర్నూలుకు 39. కర్నూలులో నిలబడ్డ స్ట్రక్చర్‌నే విశాఖ మేడమీద బిగిస్తే తుపానుకు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి తేడా ఒకటిన్నర రెట్లు దాటుతుంది. రెండోది కాగితం పని: పోర్టల్‌లో దరఖాస్తు, డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) తనిఖీ, ఇచ్చిన కరెంటును, వాడిన కరెంటును లెక్కకట్టే నెట్ మీటరు, సబ్సిడీకి దేశీయ సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే పెట్టాలన్న నిబంధన. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు అంగీకరించినట్టు లెక్క. ఇవి తెలిసిన కుర్రాడిని వెండర్లు వదలరు, అయినా చాలాచోట్ల చివరి వారంలో హడావిడిగా ముగించేస్తారు.

దీని తోబుట్టువుల్లో వరుణమిత్ర 120 గంటల సోలార్ పంపుల కోర్సు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వ్యవసాయానికి కరెంటు ఉచితం, అందుకే ఇక్కడ సోలార్ పంపు గిరాకీ తక్కువ. మహారాష్ట్ర వైపు వెళ్లి పనిచేసే ఉద్దేశం ఉంటే చేయండి. గాలిమరల కోసం వాయుమిత్ర ఉంది, కానీ టవరెక్కే ఉద్యోగానికి కంపెనీలు గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ సేఫ్టీ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి. దానికి వేరే ఫీజు, రెండేళ్లకోసారి రిఫ్రెషర్.

ఆడపిల్లలకు ప్రాధాన్యం అని రాసి ఉంటుంది. ముందు హాస్టల్ వేరుగా ఉందా, వార్డెన్ ఉన్నారా అని కనుక్కోండి. చదువు లేని నడివయసు ఆడవాళ్లకు ఈ కోర్సులో దారి లేదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ అలాంటివాళ్లకే రంగుల గుర్తులతో సర్క్యూట్లు నేర్పించి చూపించింది. ఆ పద్ధతిని పార్కు ఊళ్లకు తెచ్చుకోవడానికి అడ్డమేమీ లేదు.

మా మార్కులు: పాఠ్యాంశానికి ఐదుకు నాలుగు, ప్లేస్‌మెంట్‌కు రెండు. ప్లేస్‌మెంట్ అని చూపించే పట్టికలో ఉద్యోగం పేరు, ఊరు, జీతం ఉన్నాయా, గత బ్యాచ్‌లో ఆర్నెల్ల తర్వాత కూడా అక్కడే ఎంతమంది ఉన్నారు అని అడగండి. పాత విద్యార్థుల్లో ఇద్దరితో మాట్లాడించమనండి.

ఇంకొకటి. సూర్యమిత్ర సర్టిఫికెట్ వైర్‌మ్యాన్ పర్మిట్ కాదు. సొంతంగా ఎలక్ట్రికల్ పని పట్టాలంటే రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు పర్మిట్ కావాలి, సబ్సిడీ పనులకు వెండర్‌గా నమోదు కావాలంటే బ్యాంక్ గ్యారంటీ కూడా పెట్టాలి. కోర్సు అయిన వారంలోనే పర్మిట్‌కు దరఖాస్తు పెట్టి, అది వచ్చేలోపు ఏదైనా నమోదిత వెండర్ దగ్గర మెయింటెనెన్స్ టీములో చేరండి. కొత్తవి బిగించే టీము కంటే మెయింటెనెన్స్ టీములోనే పని త్వరగా వస్తుంది, పాడైనవన్నీ చేతికొచ్చేది అక్కడే.