అమ్మతో డల్లాస్ ప్రయాణం: విమానంలో చప్పిడి భోజనం

మా తమ్ముడు అమెరికాలో, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాడు. గృహప్రవేశానికి అమ్మ రావాల్సిందేనని పట్టుబట్టాడు. అమ్మకి 69 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం గుండె పంపింగ్ తగ్గిందని తేలినప్పటి నుంచి ఆవిడది చప్పిడి పథ్యం. రోజుకి 2 గ్రాముల సోడియం దాటకూడదని డాక్టర్‌గారు చెప్పారు. ఉప్పు లెక్కలో అది 5 గ్రాములు, అంటే దాదాపు ఒక టీస్పూను. ఆ స్పూను కూరలో వేసే ఉప్పు ఒక్కటే కాదు. బ్రెడ్డు, బిస్కెట్టు, అప్పడం, మజ్జిగ, అన్నిట్లో ఉన్నదీ కలిపి అంతే.

ఇంట్లో ఇదేమీ కష్టం కాదు. అమ్మకి పప్పు విడిగా తీసి, నిమ్మకాయ పిండి పెడతాం. ఇల్లు దాటాక ఒకటిన్నర రోజు పాటు ప్రతి ముద్దా వేరేవాళ్ళ చేతిలో ఉంటుంది. అందుకే ఇంట్లో గుండె జబ్బో బీపీనో ఉన్న పెద్దవాళ్ళను అమెరికా తీసుకెళ్ళే వాళ్ళ కోసం మా ప్రయాణం ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

టికెట్లు ఒక ఏజెంటు దగ్గర కొన్నాం. వెళ్ళేటప్పుడు గల్ఫ్ మీదుగా, వచ్చేటప్పుడు యూరప్ మీదుగా. అమ్మకి ఉప్పు తక్కువ భోజనం కావాలని, ఆవిడ శాకాహారి అని రెండూ చెప్పాను. "లో సాల్ట్ పెట్టేశానండీ, వెజ్ అని కూడా రాశాను" అన్నాడాయన. నేను నమ్మి ఊరుకున్నాను. అక్కడే తప్పు జరిగింది.

విమానయాన సంస్థలు ప్రత్యేక భోజనాలకి నాలుగు అక్షరాల కోడ్‌లు వాడతాయి. ఉప్పు తక్కువ దానికి ఎల్ఎస్ఎంఎల్. మన పద్ధతి శాకాహారానికి ఏవీఎంఎల్. పండ్ల పళ్ళేనికి ఎఫ్‌పీఎంఎల్. చాలా ఎయిర్‌లైన్లలో ఒక మనిషికి ఒక విమానంలో ఒకే కోడ్ పడుతుంది. ఎల్ఎస్ఎంఎల్ అని పడితే ఉప్పు తగ్గిస్తారు, అంతే. అందులో కోడి ఉండొచ్చు, చేప ఉండొచ్చు. ఏజెంటు వెజ్ అని ఎక్కడ రాశాడో గానీ, వంటశాలకి మాత్రం ఆ మాట చేరలేదు.

విజయవాడ నుంచి శంషాబాద్‌కి కారులో వెళ్ళాం. సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగాం. హైవే హోటల్లో ఇడ్లీ పిండిలోనే ఉప్పు ఉంటుంది, చట్నీలో ఇంకా ఎక్కువ, సాంబారులో మరీ ఎక్కువ. అమ్మ రెండు ఇడ్లీలు తీసుకుని, నేను ఇంట్లో ఉప్పు వేయకుండా కొట్టిన కందిపొడితో తింది. ఆ రోజు ఉప్పు ఖాతా విమానం ఎక్కకముందే, సూర్యాపేటలోనే మొదలైంది. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు.

విమానం తెల్లవారుజామున. అందుకని ముందు రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గరే ఒక మధ్యరకం హోటల్లో గది తీసుకున్నాం. గది మామూలుగా ఉంది, లిఫ్టు నెమ్మది. కానీ వాళ్ళ వంటింటికి నేను పూర్తి మార్కులు ఇస్తాను. రెస్టారెంటు మెనూలో కూరలన్నీ ముందే కలిపి ఉంచిన గ్రేవీతో చేస్తారు, ఆ గ్రేవీలో ఉప్పు అప్పటికే పడి ఉంటుంది. దాన్ని ఇక తీయడం కుదరదు. వంటాయన ఆ మాట దాచకుండా చెప్పాడు. "అమ్మగారికి కూర వద్దండీ, పప్పు ఉడికింది, ఇంకా ఉప్పు వేయలేదు. జీలకర్ర, వెల్లుల్లి తాలింపు పెట్టి పంపిస్తాను" అన్నాడు. వేడి అన్నం, ఆ పప్పు, కప్పు పెరుగు. అమ్మ కడుపునిండా తింది. ఏ హోటల్లోనైనా "ఉప్పు తగ్గించండి" అనే బదులు "ఉప్పు వేయకముందు తీసిన పప్పు ఉందా" అని అడగడం మేలని ఆ రాత్రి నేర్చుకున్నాను.

మొదటి విమానం దాదాపు నాలుగు గంటలు. ప్రత్యేక భోజనాలు అందరికంటే ముందు ఇస్తారు కాబట్టి అమ్మ ట్రే మొదటే వచ్చింది. రేకు మూత తీస్తే ఉడికించిన కోడి ముక్క, బంగాళాదుంప, క్యారెట్. అమ్మ ఏమీ అనలేదు. మూత మళ్ళీ మెల్లగా పెట్టేసి, "నాకు ఆకలిగా లేదులే, నువ్వు తిను" అంది. జన్మలో మాంసం ముట్టని మనిషి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎయిర్ హోస్టెస్‌కి విషయం చెబితే ఆ అమ్మాయి చాలా మర్యాదగా స్పందించింది. మామూలు శాకాహారం మిగిలితే ఇస్తానంది, కానీ ఆ పనీర్ కూరలో ఉప్పు ఎంతో ఎవరికి తెలుసు? చివరికి పండ్ల ముక్కలు, పెరుగు కప్పు తెచ్చిచ్చింది. నేను తెచ్చిన చపాతీలు బయటికి తీశాను. ఉప్పు లేకుండా కలిపిన పిండితో చేసి, రేకు కాగితంలో చుట్టి తెచ్చినవి ఎనిమిది. అవి లేకపోతే ఆ పూట అమ్మ పస్తే.

ఇంకో చిన్న సంగతి. ఉప్పు తక్కువ భోజనం ట్రేలో కూడా చెంచా, ఫోర్కు పొట్లంలో ఉప్పు సాచెట్ ఉంది. పెరుగులో వేసుకోవడానికి అమ్మ దాన్ని చింపబోతుంటే నేను చూశాను. వంటశాల వాళ్ళు ట్రేలన్నిటికీ ఒకే పొట్లం పెడతారు. ట్రే రాగానే ఆ సాచెట్ తీసేయాలి.

గల్ఫ్‌లో నాలుగు గంటలు ఆగాలి. వీల్‌చైర్ సాయం చాలా బాగుంది, గేటు నుంచి గేటుకి తీసుకెళ్ళారు. అక్కడి ట్రాన్స్‌ఫర్ డెస్కులో తర్వాతి విమానానికి భోజనం మార్చమని అడిగాను. ఇలాంటివి కనీసం 24 గంటల ముందు చెప్పాలి, ఇప్పుడు కుదరదన్నారు. ఆ మాటలో తప్పు లేదు, భోజనాలు అప్పటికే ప్యాక్ అయిపోయి ఉంటాయి. డబ్బు కట్టి లాంజ్‌లోకి వెళ్ళాం. ఖర్చు ఎక్కువే అయినా మాకు పనికొచ్చింది. సాస్ కలపని సలాడ్, తెల్లన్నం, పండ్లు దొరికాయి. అంతకంటే ముఖ్యంగా అమ్మ కాళ్ళు చాపుకుని పడుకోగలిగింది. పప్పు, సూపుల జోలికి వెళ్ళలేదు. కింద ఫుడ్‌కోర్టులో మాత్రం ఆవిడ తినగలిగింది అరటిపండు ఒక్కటే.

రెండో విమానం దాదాపు 16 గంటలు. ఈసారి ఎక్కగానే, తలుపులు వేయకముందే క్రూలో పెద్దావిడకి చెప్పాను. ముందే చెప్పడం వల్ల ఆవిడ అమ్మ కోసం పండ్లు, పెరుగు, ఉప్పు లేని వెన్న పక్కన పెట్టించింది. మధ్యలో ఇచ్చే చిరుతిండి అంతా చీజ్, చిప్స్. అమ్మకి టమాటా రసం ఇష్టమని అడగబోతే నేను వద్దన్నాను. డబ్బా టమాటా రసం ఒక గ్లాసులో 600 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉండొచ్చు, అంటే రోజు మొత్తానికి ఉన్న పరిమితిలో దాదాపు మూడో వంతు. బ్రెడ్డూ అంతే, ఒక్కో ముక్కలో 100 నుంచి 200 మిల్లీగ్రాములు ఉంటుంది, తింటుంటే మాత్రం ఉప్పగా అనిపించదు.

"ఇంట్లో చప్పిడి అలవాటైపోయింది కానీ, ఇక్కడ మరీ మట్టిలా ఉందే" అంది అమ్మ చపాతీ తింటూ. ఆవిడ చెప్పింది నిజమే. విమానం లోపల గాలి చాలా పొడిగా ఉంటుంది, గాలి పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ముక్కు ఎండిపోయి వాసన తగ్గుతుంది, దాంతో రుచీ తగ్గుతుంది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థ లుఫ్తాన్సా ఎయిర్‌లైన్ కోసం 2010 ప్రాంతంలో చేసిన పరీక్షల్లో, అంత ఎత్తులో ఉప్పు రుచి 20 నుంచి 30 శాతం దాకా తక్కువగా తెలుస్తుందని తేలింది. విమానంలో మామూలు భోజనం ఎందుకంత ఘాటుగా వండుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. అమ్మకి నిమ్మచెక్క, మిరియాల పొడి అడిగి తెచ్చాను. ఆ రెండూ పడ్డాక నాలుగు ముద్దలు ఎక్కువ తింది.

మామూలు ఉప్పుకి బదులుగా వాడే పొటాషియం ఉప్పు మాత్రం నేను తీసుకెళ్ళలేదు. గుండెకి, బీపీకి వాడే కొన్ని మందులతో అది కలిస్తే ఒంట్లో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చని డాక్టర్‌గారు ముందే గట్టిగా చెప్పారు. నీరు పోయే మాత్ర ఏ టైముకి వేసుకోవాలో కూడా ఆయన్నే అడిగి కాగితం మీద రాయించుకున్నాం. మాత్ర వేసుకున్నాక రెండు మూడు గంటలు బాత్రూమ్‌కి తిరగాలి కాబట్టి నడవ పక్క సీటు తప్పనిసరి. సీటు మారితే మాత్రం క్రూకి చెప్పాలి, ప్రత్యేక భోజనం సీటు నంబరు చూసుకుని వస్తుంది.

డల్లాస్‌లో దిగేముందు ఒక జాగ్రత్త తీసుకున్నాం. విమానంలో ఇచ్చిన ఆపిల్ అయినా సరే సంచిలో పెట్టుకుని దిగకూడదు. మిగిలిన పండ్లు అక్కడే వదిలేసి, దగ్గరున్న పొడులన్నీ కస్టమ్స్‌లో డిక్లేర్ చేశాం. రెండు నిమిషాల్లో పంపించేశారు.

మర్నాడు పొద్దున తమ్ముడింట్లో బరువు చూస్తే అమ్మ ఒకటిన్నర కిలోలు పెరిగింది. చీలమండలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. అన్ని గంటలు కూర్చోవడం, అక్కడక్కడా పడ్డ ఉప్పు, రెండూ కలిశాయి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఒక్క రోజులో కిలో పైన పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే విజయవాడ డాక్టర్‌గారికి ఫోన్ చేశాం. ఆయన మాత్ర మోతాదు మూడు రోజుల పాటు మార్చారు. నాలుగో రోజుకి బరువు దిగింది. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఫ్రిస్కోలో ఉన్న ఆరు వారాలు తేలిగ్గా గడిచాయి. అక్కడ డబ్బాల మీద లేబుల్ చదవడం వస్తే చాలు. "లో సోడియం" అని రాయాలంటే ఒక సర్వింగ్‌కి 140 మిల్లీగ్రాములు మించకూడదు. "రెడ్యూస్డ్ సోడియం" అంటే మామూలు దానికంటే 25 శాతం తక్కువని మాత్రమే, అది కూడా ఎక్కువే కావచ్చు. కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళినప్పుడు అమ్మ ప్రసాదం ఒక్క చెంచా కళ్ళకద్దుకుని తింది. దానికి నేను అడ్డు చెప్పలేదు.

తిరుగు ప్రయాణానికి తమ్ముడు ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో కూర్చుని "బ్లాండ్ మీల్" ఎంచాడు. "చప్పిడి అంటే బ్లాండే కదక్కా" అన్నాడు. అనుమానం వచ్చి ఫోన్ చేయించాను. బ్లాండ్ మీల్ కడుపులో మంట, అల్సర్ లాంటివి ఉన్నవాళ్ళ కోసమట. కారం, మిరియాలు, వేపుళ్ళు, గ్యాస్ చేసే కూరగాయలు ఉండవు. ఉప్పు తక్కువ ఉంటుందన్న హామీ లేదు. మన చప్పిడిలో లేనిది ఉప్పు, వాళ్ళ బ్లాండ్‌లో లేనిది కారం. ఈ ఒక్క మాట దగ్గర మనవాళ్ళు ఎంతమంది పొరబడుతున్నారో! అలాగే డయాబెటిక్ మీల్ చక్కెర కోసం, ఉప్పు కోసం కాదు.

ఫోన్లో ఆవిడ ఓపిగ్గా చెప్పింది. లో సాల్ట్‌లో మాంసం ఉండదని మాట ఇవ్వలేమంది. అమ్మకి షుగర్ లేదు, కిడ్నీలు బాగున్నాయి, డాక్టర్‌గారు కూడా సరేనన్నారు కాబట్టి డల్లాస్ నుంచి వచ్చే పొడుగు విమానానికి పండ్ల పళ్ళెం ఎంచుకున్నాం. హైదరాబాద్ వచ్చే విమానానికి హిందూ శాకాహారం పెట్టించాం, అన్నం వరకు తినొచ్చని. మా టికెట్‌లో ఒక విమానం నడిపేది వేరే సంస్థ. దానికి బుకింగ్ నంబరు వేరు. వాళ్ళకీ విడిగా ఫోన్ చేసి, రెండు చోట్లా "కన్ఫర్మ్" అయిందో లేదో అడిగాను. బయలుదేరే రెండు రోజుల ముందు టైమింగ్ మారి టికెట్ మళ్ళీ ఇచ్చారు. అప్పుడు చూస్తే భోజనం కోరిక ఎగిరిపోయింది, మళ్ళీ పెట్టించాల్సి వచ్చింది.

పండ్ల పళ్ళెం చక్కగా వచ్చింది. పుచ్చకాయ, పైనాపిల్, ద్రాక్ష, కివీ. అమ్మ చపాతీతో కలిపి తిని, దుప్పటి కప్పుకుని ఆరు గంటలు నిద్రపోయింది. రెండో విమానంలో కూర ఉప్పగా ఉందని నేను ముందే రుచి చూసి పక్కన పెట్టాను. అన్నంలో పెరుగు కలుపుకుని, కందిపొడి నంచుకుని ముగించింది. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి లేపి నడవలో నాలుగడుగులు వేయించాను.

శాకాహారి అయిన గుండె రోగికి నా ఓటు పండ్ల పళ్ళెం, ఇంటి చపాతీలకే. మాంసం తినేవాళ్ళయితే నేరుగా ఎల్ఎస్ఎంఎల్ పెట్టించుకోవచ్చు, నేను చూసిన ట్రేలో వంట శుభ్రంగానే ఉంది.

విజయవాడ చేరిన మర్నాడు అమ్మ తూకం 61.4. డల్లాస్‌లో బయలుదేరిన పొద్దున 61.2. "రెండొందల గ్రాములేనా!" అని అమ్మ త్రాసు దిగి, మళ్ళీ ఎక్కి చూసుకుంది. వచ్చే వేసవి టికెట్లు తమ్ముడు అప్పుడే చూస్తున్నాడు. డబ్బు వాడు కట్టినా, భోజనం సంగతి మాత్రం నేనే ఎయిర్‌లైన్‌తో మాట్లాడతానని చెప్పాను.