లిఫ్ట్ తలుపుల లైట్ కర్టెన్: నాలుగేళ్లు వాడాక

అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, రెండు లిఫ్టులు, 800 మి.మీ. ఆటోమేటిక్ తలుపులు. ఒక లిఫ్టుకు 32 డయోడ్ల లైట్ కర్టెన్ పట్టీలు, రెండోదానికి 40 డయోడ్లవి. తలుపు అంచున ఉండే పాత సేఫ్టీ ఎడ్జ్ పీకేసి పెట్టించినవే రెండూ. నాలుగేళ్ల వాడకంలో తేలిందేమిటంటే, పట్టీలు అంత తొందరగా పోవు. పోయేది వాటి వైరు. కొంప ముంచేది వాటి కనెక్షన్.

సేఫ్టీ ఎడ్జ్ మనిషికి తగిలి లోపలికి నొక్కుకుంటేనే మైక్రోస్విచ్ పనిచేసి తలుపు వెనక్కి వెళ్లేది. ముసలివాళ్లకు ఆ తగలడమే ఇబ్బంది. లైట్ కర్టెన్‌లో తగిలే పనే లేదు. ఒక పట్టీ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు పంపుతుంది, ఎదుటి పట్టీ (రిసీవర్) అందుకుంటుంది. మధ్యలో ఏది అడ్డొచ్చినా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) మారి తలుపు తెరుచుకుంటుంది.

డబ్బా మీద వేసే '154 కిరణాలు' చూసి మోసమనుకోకండి, లెక్క సరిపోతుంది. ఒక్కో డయోడ్ వెలుగును ఎదురుగా ఉన్నదీ, దానికి పైన రెండూ, కింద రెండూ చూస్తాయి. 32ను 5తో గుణిస్తే 160, రెండు కొసల్లో జత దొరకని 6 తీసేస్తే 154. అదే లెక్కన 40 డయోడ్లకు 194. కానీ కొనేటప్పుడు అడగాల్సింది ఈ సంఖ్య కాదు, డయోడ్‌కూ డయోడ్‌కూ మధ్య దూరం. ఏటవాలు కిరణాలు దారి మధ్యలోనే దట్టంగా అల్లుకుంటాయి. పట్టీ పక్కకు వచ్చేసరికి మిగిలేది డయోడ్ల మధ్య ఖాళీయే. దాదాపు 1.8 మీటర్ల ఎత్తులో 32 డయోడ్లు పరిస్తే ఆ ఖాళీ 58 మి.మీ. దాకా వస్తుంది, 40 అయితే 47 మి.మీ. లోపే. లిఫ్టుల భద్రతకు సంబంధించిన యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 81-20 సిల్ (తలుపు కింద గాడి ఉన్న గడప) మీద 25 మి.మీ. నుంచి 1600 మి.మీ. దాకా 50 మి.మీ. మందమున్న అడ్డును పట్టుకోవాలంటుంది. చిన్నపిల్లలున్న చోట 40 డయోడ్లదే తీసుకోండి.

పట్టుకోలేనివీ ఉన్నాయి. కుక్క గొలుసు, తాడు, చున్నీ కొస లాంటి సన్నటివి రెండు కిరణాల మధ్య నుంచి దూరిపోతాయి. కుక్క లోపల, యజమాని బయట ఉంటే ఈ పట్టీలకు తెలియదు. గాజు పలక, పారదర్శక ప్లాస్టిక్ షీటు లోపలికి తెస్తుంటే కిరణం చాలావరకు దాటిపోతుంది. లాబీలోంచి పరిగెత్తుకొస్తున్న మనిషినీ మామూలు పట్టీలు చూడవు. అవి ఉండేది క్యాబిన్ తలుపుకు, అంతస్తు తలుపుకు కాదు. అందుకే బయటి తలుపు అంచులో చెయ్యి పెట్టి ఆపే అలవాటు మానాలి, చెయ్యి కిరణం దాకా వెళ్లకపోవచ్చు.

ఇక వైరు. పట్టీలు తలుపుతోపాటు కదులుతాయి కాబట్టి వాటి కేబుల్ ప్రతిసారీ వంగి లేస్తుంది. రోజుకు 500 సార్లు తలుపు తెరుచుకుంటే ఏడాదికి 1,82,500 వంపులు. పట్టీ పైకొసలో, క్లాంపు పక్కన, లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైతొడుగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతుంటుంది. లక్షణం చూస్తే గుర్తుపట్టొచ్చు: తలుపు ప్రతిసారీ ఒకే చోటుదాకా, ఉదాహరణకు సగం దాకా, వచ్చి వెనక్కి పోతుంటే అనుమానించాల్సింది కేబుల్‌నే. ఎక్కడ పడితే అక్కడ వెనక్కి పోతుంటే దుమ్మో, ఎండో, వంకర బిగింపో. పట్టీ మీది ఎల్ఈడీ మారకుండానే తలుపు ఇరుక్కుంటే సెన్సర్ తప్పు లేదు, సిల్ గాడిలో చూడండి. మా దగ్గర ఇరవై ఫిర్యాదుల్లో సగం గాడిలో పడ్డ ఇటుక ముక్కలు, ఐస్‌క్రీం పుల్లలే. పాత టూత్‌బ్రష్‌తో పోయేదానికి మెకానిక్‌ను పిలిపించారు.

కేబుల్ తెగితే టేపు చుట్టిన జాయింటు వద్దు. వంగే భాగంలో వేసిన జాయింటు నెల తిరక్కుండా మళ్లీ వదులవుతుంది. ప్లగ్ ఉన్న కొత్త కేబులే మార్చాలి. క్లాంపు దగ్గర పెద్ద చుట్టు వదలాలి, మడత పడకూడదు. ఇది క్యాబిన్ పైకెక్కి, లిఫ్ట్ మామూలు పిలుపులకు కదలని ఇన్‌స్పెక్షన్ మోడ్‌లో చేసే పని, ఎలక్ట్రీషియన్‌కో వాచ్‌మన్‌కో అప్పగించకండి.

అసలు భయపడాల్సింది కనెక్షన్ గురించి. దారి ఖాళీగా ఉన్నంతసేపూ రిలే పట్టి ఉండాలి. కిరణం తెగినా, కేబుల్ తెగినా, పట్టీలకు కరెంటిచ్చే అడాప్టర్‌కు కరెంటు పోయినా వదిలేయాలి. వదిలితే లిఫ్ట్‌ను నడిపే కంట్రోలర్ దాన్ని అడ్డుగానే లెక్కగట్టాలి. కంట్రోలర్‌లో ఈ ఇన్‌పుట్ సెట్టింగ్ తిరగేసి ఉంటే పట్టీ చచ్చిపోయినా తలుపులు హాయిగా మూసుకుంటాయి, ఎవరికీ తెలియదు. రాత్రి పదింటికి తలుపు మూసుకోవట్లేదని ఫోను వస్తే కొందరు మెకానిక్‌లు రెండు టెర్మినళ్లకు ముక్క వైరు కలిపి బైపాస్ చేసి పోతారు. 'రేపు స్పేర్ తెస్తా' అన్న ఆ రేపు నెలలు పడుతుంది. అంతా బాగానే నడుస్తున్నట్టు కనిపించడమే దీనిలో ప్రమాదం.

పరీక్షకు ఖర్చు లేదు. 50 మి.మీ. బయటి వ్యాసం ఉన్న పీవీసీ పైపు, అరమీటరు ముక్క చాలు. లాబీలో నిలబడి, తలుపు మూసుకునేటప్పుడు పైపును నేలకు సమాంతరంగా దారిలోకి చాచాలి: సిల్‌కు కాస్త పైన ఒకసారి, మోకాలి ఎత్తులో, నడుము ఎత్తులో, భుజం ఎత్తులో. ఒక్కో ఎత్తులో దారి మధ్యలోనూ, పట్టీ పక్కనా చూడాలి. తలుపు పైపును తాకకుండానే వెనక్కి పోవాలి. చెయ్యి పెట్టి చూడొద్దు. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) మెకానిక్ వచ్చినప్పుడు రిసీవర్ ప్లగ్ పీకించి చూడటం రెండో పరీక్ష. తలుపు తెరుచుకునే ఉండాలి, లేదా బజర్ మోగుతూ నెమ్మదిగా మూసుకోవాలి. మామూలు వేగంతో మూసుకుంటే కనెక్షన్ తప్పు, లేదా బైపాస్ ఉన్నట్టే.

ఆ నెమ్మది మూత లోపం కాదు. ఎక్కువసేపు అడ్డుంటే చాలా కంట్రోలర్లు బజర్ కొట్టి, కిరణాలను లెక్కచేయకుండా మెల్లగా మూస్తాయి. ప్రమాణం ప్రకారం మామూలు మూతలో తలుపు కదలిక శక్తి 10 జౌళ్లు దాటకూడదు, ఇలాంటప్పుడు 4 జౌళ్లే. సామాను దించేవాళ్లు అట్టపెట్టె అడ్డంపెట్టి నమ్ముకుంటే ఇక్కడే దెబ్బతింటారు. అగ్నిప్రమాదంలో ఫైర్‌మన్ స్విచ్ వేస్తే కిరణాలు పక్కకు తప్పుకుంటాయి, పొగే అడ్డుగా కనిపించి తలుపు మూసుకోదు కనుక.

పడమటి వైపు తెరిచి ఉన్న కారిడార్ ఉంటే సాయంత్రపు ఎండ నేరుగా రిసీవర్‌లో పడి తలుపు మూసుకోకుండా ఆడిస్తుంది. రెండు పట్టీలను అటూ ఇటూ మార్చి రిసీవర్‌ను ఎండకు వీపు పెట్టేలా బిగిస్తే చాలావరకు కుదురుతుంది. తుడవడానికి మెత్తటి గుడ్డ, అంటుకుంటే కాస్త తడి. కిరోసిన్, యాసిడ్, గీరే స్క్రబ్బర్ తగలకూడదు, ముందు ప్లాస్టిక్ మసకబారితే మళ్లీ రాదు. ఇళ్లు తుడిచే వాళ్లు బకెట్ నీళ్లు సిల్ మీద కుమ్మరించకుండా చూడండి, కింది కొసలోకి తేమ చేరేది అలాగే.

కొత్తగా పెట్టించేవాళ్లు పట్టీలతోపాటు ఒక జత స్పేర్ కేబుళ్లు అప్పుడే తీసి ఉంచుకోండి. తర్వాత అదే మోడల్ ప్లగ్ దొరక్క జత మొత్తం మార్చాల్సి వస్తుంది. ఏఎంసీ సెమీ కాంప్రెహెన్సివ్ (కొన్ని విడిభాగాలకే వర్తించేది) అయితే లైట్ కర్టెన్, దాని కేబుల్ అందులో ఉన్నాయో లేదో కాగితం మీద పేర్లతో రాయించుకున్నాకే సంతకం చేయండి.