యూట్యూబ్ వీడియోనా, టిక్‌టాక్ లైవా: మొరాకో అమ్మాయికి ఏది మేలు?

మొరాకోలో ఓ అమ్మాయి తన గోడు దారిజాలో (అక్కడి వాడుక అరబీలో) చెప్పుకోవాలంటే ముందు చూసుకోవాల్సింది, నోరు జారిన మాటను తీసేసే వీలుందా అని. ఆ లెక్కన యూట్యూబే మేలు.

అక్కడి యూట్యూబ్‌లో ‘రూతీనీ అల్-యౌమీ’ (నా రోజువారీ పనులు) పేరుతో ఇంటిపని చేస్తూ ఆడవాళ్లు తీసే వీడియోలు కొల్లలు. ఒళ్లు చూపించి వ్యూస్ లాగుతున్నారని కొన్నింటికి చెడ్డపేరుంది. అయినా ఆ పద్ధతి పనికొచ్చేదే. కెమెరా చేతుల మీదే ఉంటుంది కాబట్టి మొహం కనబడదు, గొంతు తర్వాత అతికించుకోవచ్చు. పిండి పిసుకుతూనే చదువు గురించో, తెస్తున్న పెళ్లి సంబంధాల గురించో మాట్లాడొచ్చు. దొరికిపోయేది తళతళలాడే టీ కూజా దగ్గర. మొహమంతా అందులో కనబడుతుంది. దాన్ని ఫ్రేములోంచి తీసేయాలి. టైల్స్ వంటింట్లో గొంతు మోగుతుంది కాబట్టి, పరుపులూ దుప్పట్లూ ఉన్న గదిలో ఫోన్‌ను జానెడు దూరాన పెట్టి చెప్పాలి.

కామెంట్లలో నిషేధించే పదాలను అరబీ లిపిలో మాత్రమే ఇస్తే చాలా తిట్లు దాటిపోతాయి. కుర్రకారు ఇంగ్లిష్ అక్షరాల్లో, ‘ఐన్’కి 3, ‘హా’కి 7, ‘ఖాఫ్’కి 9 వేసి రాస్తారు. ఒక్కో తిట్టునూ అన్ని రకాలుగా ఎక్కించాలి, ఫ్రెంచివీ కలిపి.

డబ్బు మాత్రం నిదానం. యాడ్ల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. సగటున 4 నిమిషాలు చూస్తారనుకుంటే 60,000 వ్యూస్. షార్ట్స్‌కి లెక్క వేరు.

మన దేశంలో 2020లో నిషేధం పడ్డ టిక్‌టాక్ అక్కడ జోరుగా నడుస్తోంది. లైవ్‌లో జనం చప్పున పోగవుతారు, డబ్బుగా మార్చుకోగల గిఫ్టులూ వస్తాయి (పెద్ద వాటా కంపెనీకే పోతుంది లెండి). గిఫ్టులిచ్చేవాళ్లలో రెచ్చగొట్టేవాళ్లూ ఉంటారు. ఎవరో ఒకరు స్క్రీన్ రికార్డు చేసి, 15 సెకన్ల ముక్క కోసి వాట్సాప్‌లో తిప్పుతారు. మొరాకోలో ఆడవాళ్లపై హింసను అరికట్టడానికి 2018లో అమల్లోకొచ్చిన 103-13 చట్టం ప్రకారం అనుమతి లేకుండా ప్రైవేటు మాటల్ని, ఫొటోల్ని పంచితే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు. కానీ నలుగురి ముందూ తనే లైవ్‌లో అన్నదాన్ని ప్రైవేటని నిలబెట్టడం కష్టం. ట్యునీషియాలో ఇంకా ప్రమాదం: 2024 అక్టోబరులో అసభ్య వీడియోలపై చర్యలు తీసుకోవాలన్న న్యాయశాఖ ప్రకటన వెలువడ్డాక టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో పేరున్న కొందరికి నీతి తప్పారన్న కేసుల్లో జైలు శిక్షలు పడ్డాయి.

మనం ఎంచుకున్నవాళ్లకే కనబడే ఇన్‌స్టా ‘క్లోజ్ ఫ్రెండ్స్’ స్టోరీ, కెమెరా ముందు మాట్లాడటం అలవాటు పడటానికి చాలు, అయితే స్క్రీన్‌షాట్ తీస్తే మనకు కబురు రాదు.

మొహం ముందే అందరికీ తెలిసినామె, ప్రశ్నలకు జవాబులివ్వడానికైతే లైవ్ పెట్టుకోవచ్చు. నమ్మకమైన స్నేహితురాలిని మోడరేటర్‌గా (చెడ్డ కామెంట్లు తీసేసే మనిషిగా) కూర్చోబెట్టి, అదే తిట్ల జాబితాను అక్కడా ఎక్కించాకే మొదలుపెట్టాలి.