ఇండెక్స్ ఫండా, మేనేజర్ నడిపే ఫండా, సొంతంగా ఏరుకున్న షేర్లా: ఏది మేలు?

పదేళ్లకు పైగా ముట్టుకోనక్కర్లేని డబ్బు షేర్ మార్కెట్లో పెట్టాలంటే ముఖ్యంగా మూడు దారులున్నాయి. కంపెనీలను మనమే ఎంచుకోవచ్చు. ఆ పనిని ఫండ్ మేనేజర్‌కి అప్పగించి ఫీజు కట్టవచ్చు. లేదా మార్కెట్ తీరును చూపడానికి ఎంచిన కంపెనీల జాబితా, అంటే సూచీ (ఇండెక్స్)లో ఉన్న కంపెనీలన్నిటినీ అదే నిష్పత్తిలో కొనే ఇండెక్స్ ఫండ్ తీసుకోవచ్చు. మార్కెట్‌ను రోజూ చూసే తీరిక లేనివాళ్లకు మూడోదే మేలని నా గట్టి నమ్మకం.

అసలు తేడా ఫీజు దగ్గరే వస్తుంది. మదుపరులందరి రాబడీ కలిపితే వచ్చేది మార్కెట్ రాబడే. ఒకరికి అంతకంటే ఎక్కువ వచ్చిందంటే ఇంకొకరికి ఆ మేరకు తగ్గినట్టే. కాబట్టి ఫీజులు తీసేశాక మేనేజర్ల సగటు, మార్కెట్ కంటే కిందే ఉంటుంది. ఆర్థికవేత్త విలియం షార్ప్ 1991లో వివరించిన లెక్క ఇది. లక్ష రూపాయలు ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 30 ఏళ్లకు సుమారు 17.45 లక్షలవుతుంది. అందులో ఒక్క శాతం ఫీజుకి పోయి 9 శాతమే మిగిలితే 13.27 లక్షలు. ఒక్క శాతమేగా అనుకున్నది నాలుగు లక్షలు దాటింది! పైగా మార్కెట్ పడిన ఏడాది కూడా ఆ ఫీజు ఆగదు.

పేరున్న అమెరికా మదుపరి వారెన్ బఫెట్ 2008 నుంచి పదేళ్లకు కాసిన పందెం దీనికి మంచి ఉదాహరణ. ఒకవైపు అమెరికా ఎస్&పీ 500 (పెద్ద కంపెనీల సూచీ) ఇండెక్స్ ఫండ్, మరోవైపు హెడ్జ్ ఫండ్లలో (సంపన్నుల డబ్బును ఎక్కువ ఫీజుతో మేనేజర్లు నడిపే ఫండ్లలో) మదుపు చేసే అయిదు ఫండ్లు. మొదటి ఏడాదే ఇండెక్స్ ఫండ్ 37 శాతం పడిపోయి, ఆరింటిలో అట్టడుగున నిలిచింది. అప్పుడు భయపడి అమ్ముకున్నవాళ్లకు నష్టమే మిగిలేది. పదేళ్లు పూర్తయ్యేసరికి అదే ఫండ్ 125.8 శాతం పెరిగింది. ఆ అయిదింటిలో బాగా చేసినది 87.7 శాతం దగ్గరే ఆగింది.

సొంతంగా షేర్లు ఏరుకోవడం ఇంకా కష్టం. అమెరికా మార్కెట్లో 1926 నుంచి 2016 వరకు ట్రెజరీ బిల్లుల (ప్రభుత్వం కొద్దికాలానికి తీసుకునే అప్పు పత్రాల) రాబడిని మించి పుట్టిన సంపదంతా సుమారు 4 శాతం కంపెనీల వల్లే వచ్చిందని ఫైనాన్స్ ప్రొఫెసర్ హెండ్రిక్ బెసెంబైండర్ లెక్కగట్టారు. ఆ కొద్ది కంపెనీలు ఏవో ముందే పట్టుకోవడం నిపుణులకే గగనం. బ్యాలెన్స్ షీట్లు చదవడం నిజంగా ఇష్టమైతే మదుపులో చిన్న భాగం ఇటు పెట్టండి, తప్పులేదు.

ఇండెక్స్ ఫండ్ అంటే టెన్షన్ ఉండదని కాదు. మార్కెట్ పడితే అదీ పడుతుంది. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబర్‌లో చేరిన గరిష్ఠాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో! అందుకే ఒకే దేశం సూచీ మీద మొత్తం పెట్టకూడదు, రెండు మూడేళ్లలో అవసరమయ్యే డబ్బు అసలే పెట్టకూడదు. ఒకే సూచీని అనుసరించే రెండు ఫండ్లలో ఏది తీసుకోవాలో తేలకపోతే, వాటి ఖర్చుల శాతం ఎంతో, సూచీ రాబడికీ ఫండ్ రాబడికీ మధ్య తేడా ఎంతో చూడండి. రెండూ తక్కువున్నది తీసుకుంటే చాలు.