అర్క బనానా స్పెషల్: మందు ఒకటే, కవర్లే వేరు

మాది రావులపాలెం దగ్గర లంక పొలం, కర్పూరం అరటి. ముందే చెప్పేస్తున్నానండి, అరటాకుల మీద కొట్టే ఈ అర్క బనానా స్పెషల్ పొడి మంచిదే. పేచీ అంతా కవరు దగ్గరే.

జింకు, బోరాన్, ఇనుము లాంటి సూక్ష్మపోషకాలు కలిపిన ఈ పొడిని తయారు చేసింది బెంగళూరు శివారు హెసరఘట్టలో ఉన్న ఐఐహెచ్ఆర్, అంటే కేంద్రం వారి ఉద్యాన పరిశోధన సంస్థ. వాళ్లు సొంతంగా అమ్ముతారు, ప్రైవేటు కంపెనీలకు లైసెన్సూ ఇస్తారు. కంపెనీ ఫీజు కట్టి ఒప్పందం రాసుకుంటే ఫార్ములా చేతికిస్తారు. ఒక్కరికే రాసివ్వరు, అందుకే ఒకే సరుకు రకరకాల పేర్లతో కనిపిస్తుంది. ఐసీఏఆర్, అంటే ఐఐహెచ్ఆర్ లాంటి సంస్థలను నడిపే భారత వ్యవసాయ పరిశోధన మండలి, దాని పరిశోధనలను ఇలా కంపెనీలకు అందించడానికి 2011లో అగ్రిన్నోవేట్ ఇండియా అని ప్రభుత్వమే ఒక సంస్థ పెట్టింది. నాకైతే ఈ పద్ధతి నచ్చింది. ఒక్క కంపెనీ చేతిలోనే ఉంటే రేటు వాళ్లిష్టం అయిపోయేది.

కాకపోతే ఫార్ములా ఒకటైనా తయారీ ఒకటి కాదు. మొదట తెచ్చిన కంపెనీ పొడి నీళ్లలో వేయగానే కరిగిపోయింది. తర్వాత ఇంకో కంపెనీది తెస్తే లోపల గడ్డలు కట్టి ఉంది. గుడ్డలో వడకట్టినా నాజిల్ పట్టేస్తూనే ఉంది, కూలీ మనిషికి సగం పూట అక్కడే అయిపోయింది. ఒక షాపులో అయితే సంస్థ పేరే లేని ప్యాకెట్ చేతిలో పెట్టి, "అన్నీ ఒకటేనండి, తీసుకెళ్లండి" అన్నాడు. ఒకటే అయితే కవరు మీద ఐఐహెచ్ఆర్ టెక్నాలజీ అని ఎందుకు వేయలేదని అడిగితే ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. వద్దని వచ్చేశా.

వాడకం తేలికే. 15 లీటర్ల ట్యాంకుకు 75 గ్రాముల పొడి, రెండు నిమ్మకాయల రసం, ఒక చిన్న షాంపూ ప్యాకెట్. ఇది నా సొంత వైద్యం కాదండోయ్, శాస్త్రవేత్తలు చెప్పిందే. అరటాకు మీద నీళ్లు నిలవవు కదా, షాంపూ ఉంటే మందు జారిపోకుండా పరుచుకుంటుంది. మా స్ప్రే కొట్టే అతను మాత్రం "అరటికి తలంటేంటండీ బాబూ" అని ఒకటే నవ్వు. నాటిన ఐదో నెల నుంచి నెలకోసారి, ఆకు రెండు వైపులా తడిసేలా కొట్టాలి.

మాకు ఆకు పచ్చదనం నిలిచింది, గెలలో కింది అత్తాలు కూడా నిండుగా వచ్చాయి. అంతా దీని మహిమేనని ప్రమాణం చేయలేను, ఆ ఏడు పొటాష్ ఎరువు కూడా టైముకి పడింది. పొటాష్ మానేసి దీన్నే నమ్ముకుంటే మాత్రం గెల తూగదు.

పొడికి ఐదుకి నాలుగున్నర. గడ్డల కవరుకి ఒకటి, అదీ ఐఐహెచ్ఆర్ మొహం చూసి. కొనేటప్పుడు సంస్థ పేరు, తయారీ తేదీ చూసి, ప్యాకెట్‌ని ఒకసారి నలిపి చూడండి. లోపల రాళ్లలా తగిలితే అక్కడే వదిలేయండి.