మిల్లీమీటరు పిన్నులకు మినీ లేత్ సరిపోతుందా?

7x14 మినీ లేత్‌ను (రాడ్డును తిప్పుతూ టూల్‌తో కోసే చిన్న యంత్రం) ఎక్కువగా ఇత్తడి పిన్నులు, బుష్‌లు (రంధ్రమున్న చిన్న గొట్టాలు), జెట్‌ల (సన్న రంధ్రమున్న నాజిళ్లు) లాంటి సన్న పనికే చాలాకాలంగా వాడుతున్నాను. ఒక మి.మీ. వ్యాసం పని దీనిమీద అవుతుంది. కాకపోతే పెట్టెలో వచ్చిన సామానుతో కాదు.

రాడ్డును పట్టే మూడు దవడల చక్‌లో 0.05 మి.మీ. పైన రనౌట్ (తిరిగేటప్పుడు మధ్య తప్పి ఊగడం) మామూలే. పనంతా ఒకే బిగింపులో ముగిస్తే దాంతో ఇబ్బంది లేదు, పిన్నును తిప్పి పట్టినప్పుడే బయటపడుతుంది. ఈఆర్ కాలెట్ చక్ (చీలికలున్న స్లీవ్‌తో చుట్టూ సమంగా బిగించేది) కొంటే స్పిండిల్‌కు (చక్‌ను తిప్పే బోలు ఇరుసు) బోల్టులతో బిగించే రకమే కొనండి. స్పిండిల్ టేపర్‌లో (లోపలికి సన్నబడే రంధ్రం) దూర్చే రకానికి వెనక డ్రాబార్ (దాన్ని వెనక్కి లాగి బిగించే కడ్డీ) ఉంటుంది, పొడవాటి రాడ్డు లోపలికి పోదు.

అసలు తగువంతా టూల్ ఎత్తు దగ్గరే. టూల్ మొన రాడ్డు సెంటర్‌కు 0.1 మి.మీ. కిందుంటే ఫేసింగ్ (కొస ముఖాన్ని చదును చేయడం) చేశాక మధ్యలో 0.2 మి.మీ. బొడిపె మిగులుతుంది. పెద్ద రాడ్డు మీద కంటికే ఆనదు, ఒక మి.మీ. పిన్నుకు మాత్రం అది వ్యాసంలో ఐదో వంతు. బొడిపె పూర్తిగా పోయేదాకా టూల్ కింద 0.05 మి.మీ. షిమ్‌లు (పలుచని రేకులు) పెట్టి సర్దాలి. 0.4 మి.మీ. నోస్ రేడియస్ (మొన గుండ్రదనం) ఉన్న కార్బైడ్ ఇన్సర్ట్ (మార్చుకునే గట్టి కోత బిళ్ల) సన్నని కోతలో కోయడం కన్నా నెట్టడమే ఎక్కువ, పిన్ను వంగిపోతుంది. నూనెరాయి మీద పదును పెట్టిన హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్ చాలు. ఇత్తడికైతే పైముఖం చదునుగానే ఉంచాలి, వాలు ఇస్తే టూల్ లోపలికి లాక్కుపోతుంది.

3 మి.మీ. రాడ్డును 8 మి.మీ. పొడవునా ఒక మి.మీ.కు దించాలంటే పొడవంతా పలుచగా పదిసార్లు తీయకండి. పిన్ను కొస టూల్‌కు దూరంగా వంగి లావుగా మిగులుతుంది. బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు! కొస నుంచి 2 మి.మీ. చొప్పున, ప్రతి ముక్కనూ ఒకే కోతలో ఆఖరి సైజుకు దించుతూ వెనక్కి రావాలి. వెనకున్న లావు రాడ్డే ఆధారం.

టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ డయల్‌పై ఒక గీత 0.025 మి.మీ., అంటే వ్యాసంలో 0.05. ఈ పనికి అది మోటు. కాంపౌండ్‌ను (క్రాస్ స్లైడ్ మీద ఏ కోణానికైనా తిప్పుకునే చిన్న స్లైడ్) లేత్ అక్షానికి 5.7 డిగ్రీల వాలులో పెడితే దాని గీతకు వ్యాసం 0.005 తగ్గుతుంది. జిబ్ స్క్రూలు (స్లైడ్‌లు ఊగకుండా సర్దేవి) వదులుగా ఉంటే ఈ లెక్క పనిచేయదు.

వేగం ఈ లేత్ అసలు లోటు. 2500 ఆర్‌పీఎం దగ్గర కూడా ఒక మి.మీ. వ్యాసానికి కోతవేగం నిమిషానికి 8 మీటర్లు దాటదు. చేత్తో నిదానంగా ఫీడ్ ఇవ్వడమే దారి.

0.5 మి.మీ. డ్రిల్‌కు టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా డ్రిల్‌ను పట్టే భాగం) చక్రం పనికిరాదు, బిట్ ఎప్పుడు బిగుసుకుందో చేతికి తెలియదు. ముందుకూ వెనక్కీ జారే పిన్ వైస్‌లో (సన్న బిట్‌ను పట్టే చిన్న చేతి బిగింపు) బిట్ పెట్టి, వేళ్లతో నెడుతూ, 0.3 మి.మీ.కోసారి బయటికి తీసి రజను దులపాలి.

బుష్‌ను పార్టింగ్ (రాడ్డు నుంచి కోసి వేరుచేయడం) చేసేముందు రంధ్రంలోకి తీగ దూర్చండి, తెగిన ముక్క దానిమీదే ఆగుతుంది.